చూపు తిప్పుకోలేని గది

2008లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మ్యూజియం తన ఈజిప్టు విభాగంలో ఉన్న మూడు మమ్మీల మీద తెల్లగుడ్డలు కప్పింది. కట్లు విప్పిన మృతదేహాలను వచ్చేపోయేవాళ్ల కళ్లముందు అలా పడుకోబెట్టి ఉంచడం మర్యాదేనా అన్న సందేహం అక్కడి అధికారులకు కలిగింది. సందర్శకులు ఏమంటారో తెలుసుకుందామనుకున్నారు. సందర్శకులకు కోపం వచ్చింది. విషయం పత్రికలకెక్కింది. కొద్దికాలానికే ఆ గుడ్డలు తీసేయక తప్పలేదు. జనం అభిరుచి ఎంత దిగజారిందో చూడండని ఈ ఉదంతాన్ని ఉదహరించేవాళ్లున్నారు. కుండలు, నాణేలు, నగలు, శాసనాలు ఎన్ని ఉన్నా జనం కాళ్లు శవం ఉన్న గది వైపే నడుస్తాయనీ, అది సంస్కారం లేని కుతూహలమనీ వాళ్ల ఫిర్యాదు. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ స్టేట్ మ్యూజియం గురించి కూడా ఇదే మాట వింటుంటాం. బౌద్ధ శిల్పాలున్నాయి, కాకతీయుల కాలపు రాళ్లున్నాయి, అజంతా చిత్రాల నకళ్లున్నాయి, అయినా గుమ్మంలో అడుగుపెట్టగానే 'మమ్మీ ఎక్కడుంది' అనే అడుగుతారట.

అడగనివ్వండి. ఆ ప్రశ్నలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మృత్యువు తాకిన వస్తువు ముందు మనిషి ఆగిపోవడం అతనిలోని నీచత్వానికి గుర్తు కాదు. తన గురించి తనకున్న అతి పెద్ద సందేహానికి ఎక్కడైనా జవాబు దొరుకుతుందేమోనని వెతికే చూపు అది. ఆ చూపు మంచి చోటికీ పోగలదు, చెడ్డ చోటికీ పోగలదు. ఎటు పోతుందన్నది చూసేవాడి కంటే చూపించేవాడి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఎవరిది ఈ దేహం, ఎలా చనిపోయాడు, ఇక్కడికి ఎలా వచ్చాడు, రావడానికి అతను ఒప్పుకున్నాడా అన్న నాలుగు సంగతులు చెప్పే మ్యూజియంలో ఆ చూపు జ్ఞానమవుతుంది. చెప్పకుండా అద్దాల పెట్టె, దీపం మాత్రమే పెట్టే మ్యూజియంలో అదే చూపు వేడుక అవుతుంది. నేరం వేడుక చేసినవాళ్లది. దాన్ని ఇన్నాళ్లూ టికెట్టు కొన్నవాళ్ల మీద మోపుతున్నాం.

ఈ ఆకర్షణను టీవీలూ సెల్‌ఫోన్లూ తెచ్చిపెట్టాయనుకుంటే పొరపాటు. ప్లేటో తన రిపబ్లిక్‌లో లియోంటియస్ అనే వ్యక్తి కథ చెబుతాడు. ఏథెన్స్ కోటగోడ పక్కగా వస్తుంటే తలారి దగ్గర పడి ఉన్న శవాలు అతనికి కనిపించాయి. చూడాలనీ ఉంది, అసహ్యమూ వేసింది. కాసేపు ముఖం కప్పుకున్నాడు. చివరికి ఆగలేక పరుగెత్తి వెళ్లి, తన కళ్లనే తిట్టుకుంటూ చూశాడు. ప్లేటోకు ఇది కోరికకూ, దాన్ని ఎదిరించే ఆగ్రహానికీ మధ్య జరిగే కలహం. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ మాత్రం మరోలా ఆలోచించాడు. నిజంగా ఎదురైతే బాధపెట్టే శవాన్నైనా, నీచమైన జంతువునైనా బొమ్మలో చక్కగా చూపితే మనకు ఆనందం కలుగుతుందని, అందుకు కారణం తెలుసుకోవడంలో ఉన్న సంతోషమేనని ఆయన కావ్యశాస్త్రంలో గమనించాడు. 1757లో ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ ఇంకో అడుగు వేశాడు. ఊళ్లోకెల్లా గొప్ప విషాద నాటకం ఆడుతున్న సమయంలో పక్క కూడలిలో ఒక పెద్ద నేరస్థుణ్ని ఉరితీయబోతున్నారని చెబితే నాటకశాల ఆ క్షణంలోనే ఖాళీ అవుతుందన్నాడు. ఈ ముగ్గురిలో అరిస్టాటిల్‌దే మ్యూజియానికి పనికొచ్చే మాట. తెలుసుకోవాలన్న తపన అక్కడ ముందే ఉంది, దానికి తిండి పెట్టాలి.

మన సంప్రదాయానికి కూడా ఈ విషయంలో దాపరికం లేదు. భరతుడు నాట్యశాస్త్రంలో లెక్కపెట్టిన ఎనిమిది రసాల్లో భయానకం ఉంది, బీభత్సం ఉంది. వాటిని శృంగారం, వీరం పక్కనే కూర్చోబెట్టాడు తప్ప వాకిట్లో నిలబెట్టలేదు. తెలుగు రంగస్థలం సంగతే తీసుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో జనం తెల్లవార్లూ కునుకు తీయకుండా కాచుకుని కూర్చున్నది కాటి సీను కోసం. చితిమంటలు, పుర్రెలు, కాటికాపరిగా మారిన రాజు, కొడుకు శవంతో వచ్చిన చంద్రమతి. ఆ ఘట్టంలో గుర్రం జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీ అయింది. నటుడు ఒక్కో పద్యం ముగించగానే వన్స్‌మోర్ అని అరిచిన ఆ పల్లెటూరి ప్రేక్షకులకు శవాల మీద మోజు ఉందని ఎవరూ అనలేదు. చావు రాజునీ పేదనీ ఒకే నేల మీద పడుకోబెడుతుందన్న సంగతిని వాళ్లు అక్కడ విన్నారు, అది తమ గురించేనని గ్రహించారు. శ్మశానం రంగస్థలం మీద ఉన్నప్పుడు ఏది సరైన చూపో, మ్యూజియంలో అద్దం వెనక ఉన్నప్పుడూ అదే సరైన చూపు. అక్కడ పద్యం ఉంది, ఇక్కడ చాలాసార్లు ఏమీ ఉండదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మధ్య ఈ కుతూహలాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ ఊస్టర్‌వైక్ 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఏ బొమ్మను పెద్దదిగా చూడాలో ఎంచుకునే అవకాశం పాల్గొన్నవాళ్లకే ఇచ్చారు. మృత్యువు, హింస, హాని ఉన్న బొమ్మలను వాళ్లు తరచుగా ఎంచుకున్నారు. ముఖ్యంగా ఆ కష్టం మనుషులకు జరుగుతున్నదైతే మామూలు బొమ్మ కంటే దానివైపే మొగ్గు కనబడింది. కరోనా కాలంలో కోల్టన్ స్క్రివ్‌నర్, ఆయన సహచరులు చేసిన అధ్యయనంలో భయానక సినిమాలు ఇష్టపడేవాళ్లలో మానసిక ఆందోళన తక్కువగా కనిపించింది. ఇటువంటి కుతూహలం ఉన్నవాళ్లు ఆ కష్టకాలాన్ని కాస్త నిబ్బరంగా తట్టుకున్నట్టు కూడా తేలింది. ఒకటి ఉన్నచోట రెండోది ఉందని మాత్రమే ఇది చూపుతుంది. ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయదు. అందుకే దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. కానీ ఒక్క విషయం స్పష్టం. మృత్యువు వైపు చూడాలనిపించడం రోగ లక్షణం కాదు, చాలామందిలో మామూలుగా ఉండే గుణమే. ప్రమాదం గురించి ప్రమాదం లేని చోట తెలుసుకోవాలనుకోవడం బతకదలచినవాడి లక్షణం.

సరైన సమాధానం దొరికినప్పుడు ఆ చూపు ఏమవుతుందో బ్రిటిష్ మ్యూజియంలోని ఒక దేహం చెబుతుంది. ఈజిప్టులోని గెబెలైన్ దగ్గర ఇసుకలో ముడుచుకుని పడుకున్న స్థితిలో దొరికిన ఆ యువకుడు సుమారు 5,500 ఏళ్ల నాటివాడు. అతన్ని ఎవరూ మమ్మీగా చేయలేదు, వేడి ఇసుకే తడి పీల్చేసి ఉంచింది. 1901 నుంచి దాదాపు నిరంతరంగా అతను ప్రదర్శనలో ఉన్నాడు. వెంట్రుకల రంగును బట్టి సందర్శకులు అతనికి 'జింజర్' అని ముద్దుపేరు పెట్టారు. మ్యూజియమే తర్వాత ఆ పేరు వాడటం మానేసింది. నూరేళ్లకు పైగా అతను ఒక వింత వస్తువు. 2012లో స్కానింగ్ చేసి, ఆ చిత్రాలను సందర్శకులే తాకి తిప్పి చూసేలా పెద్ద తెర మీద పెట్టారు. అప్పుడు తెలిసింది, అతనికి చనిపోయేనాటికి 18 నుంచి 21 ఏళ్లు ఉంటాయని, వెనక నుంచి ఎవరో పొడిచారని. ఆయుధం ఎడమ భుజం దగ్గర ఎముకను దెబ్బతీసి, కింది పక్కటెముకను పగలగొట్టింది. ఎదురు తిరిగి కాచుకున్న గుర్తులు ఒంటి మీద లేవు. ఆ రోజు నుంచి అతని ముందు నిలబడేవాళ్లు అడిగే ప్రశ్న మారిపోయింది. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని అడుగుతున్నారు. అది పొరుగింట్లో జరిగిన హత్య గురించి అడిగే ప్రశ్న. అయిదు వేల ఏళ్ల దూరం అంతలో తగ్గిపోవడం కంటే మ్యూజియం నుంచి ఇంకేం ఆశిస్తాం? ఇటలీలోని బోల్జానోలో ఉన్న ఓట్జీ కథా ఇటువంటిదే. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఆ మనిషి చలికి చచ్చిపోయాడని పదేళ్లు అనుకున్నారు. 2001లో ఎక్స్-రేలో భుజంలో దిగిన బాణపు మొన కనబడింది. అక్కడి మ్యూజియం చేసిన ఒక ఏర్పాటు నాకు మరీ నచ్చుతుంది. అతను ఉన్న శీతల గదికి చిన్న కిటికీ ఒక్కటే పెట్టారు. దాని దగ్గరకు వెళ్లి వంగి చూస్తే తప్ప కనబడడు. చూడదలచుకోనివాళ్లు అతని గొడ్డలి, చెప్పులు, తోలు దుస్తులు చూసి అతన్ని చూడకుండానే బయటకు పోవచ్చు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. చూసేవాడు ఎంత మంచి మనసుతో చూసినా, చూడబడుతున్నవాడు ఒప్పుకున్నాడా? దీన్ని తేలిగ్గా దాటేయడం కుదరదు, ఎందుకంటే ఒప్పుకోనని నోటితో చెప్పి మరీ చనిపోయినవాళ్లున్నారు. ఐర్లండ్‌లో పుట్టిన చార్లెస్ బర్న్ ఏడడుగుల ఏడంగుళాల పొడగరి. లండన్‌లో తన ఎత్తునే ప్రదర్శించి బతికాడు. 22 ఏళ్లకే జబ్బుపడ్డప్పుడు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు తన కోసం కాచుకుని ఉన్నారని అతనికి తెలుసు. తన శవాన్ని సీసపు పెట్టెలో పెట్టి సముద్రంలో ముంచమని స్నేహితుల దగ్గర మాట తీసుకున్నాడు. 1783లో చనిపోయాడు. జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు 500 పౌండ్ల దాకా లంచమిచ్చి శవాన్ని మాయం చేయించాడని చెబుతారు. మాంసాన్ని ఉడకబెట్టి ఎముకలు వేరుచేశాడు. సముద్రంలో మునిగిన పెట్టెలో బర్న్ లేడు. ఆ అస్థిపంజరం లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో రెండు శతాబ్దాలకు పైగా నిలబడి ఉండేది. పక్కనున్న బోర్డు ఎత్తు గురించి చెబుతుంటే, దొంగతనం గురించి తెలిసినవాళ్లు తల వంచుకుని వెళ్లేవారు. వైద్యశాస్త్రానికి దానివల్ల లాభం కలగలేదని అనలేం. 1909లో శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పుర్రె తెరిపించి చూసి పీయూష గ్రంథి ఉండే గుంత బాగా పెరిగి ఉందని గుర్తించాడు. 2011లో అతని పంటి నుంచి తీసిన డీఎన్ఏలో దొరికిన జన్యులోపమే ఇప్పటి ఉత్తర ఐర్లండ్‌లో కొన్ని కుటుంబాల్లోనూ ఉందని తేలింది. దానివల్ల ఆ కుటుంబాలకు జబ్బును ముందే పసిగట్టే వీలు కలిగింది. అయినా మ్యూజియం మరమ్మతుల తర్వాత 2023లో తలుపులు తెరిచినప్పుడు బర్న్‌ను ప్రదర్శన నుంచి తప్పించింది. పరిశోధన కోసం ఉంచుకుంటామంది, సముద్రానికి మాత్రం అప్పగించలేదు. అతని గురించి నవల రాసిన హిలరీ మాంటెల్ ఎముకలను ఐర్లండ్‌కు పంపాలని అంతకు ముందే కోరింది. ఆమె కోరిందే న్యాయం అనిపిస్తుంది. జన్యు సమాచారం ఇప్పటికే రాతలో ఉంది, ఇక మిగిలింది ఒక మనిషి చివరి కోరిక.

బర్న్ విషయంలో దొంగతనం ఒకరిది. వలస పాలన కాలంలో అది రాజ్యాల పద్ధతి అయింది. దక్షిణాఫ్రికాకు చెందిన ఖొయ్‌ఖొయ్ స్త్రీ సారా బార్ట్‌మన్‌ను 1810లో లండన్‌కు తీసుకొచ్చి శరీరాన్ని వింతగా చూపించారు. 1815లో పారిస్‌లో చనిపోయాక శాస్త్రవేత్త జార్జ్ క్యూవియే ఆమెను కోసి, అస్థిపంజరాన్నీ అవయవాలనూ భద్రపరిచాడు. 1970ల దాకా అవి పారిస్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్నాయి. నెల్సన్ మండేలా స్వయంగా అడిగినా, ఆమె స్వదేశపు మట్టి చేరడానికి 2002 దాకా పట్టింది. 1857 తిరుగుబాటు తర్వాత సియాల్‌కోట్‌లో ఫిరంగికి కట్టి పేల్చిన హవల్దార్ ఆలం బేగ్ పుర్రెను ఒక బ్రిటిష్ సైన్యాధికారి విజయచిహ్నంగా పట్టుకుపోయాడు. 1963లో అది ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఒక పబ్‌లో బయటపడింది. ఎవరిదో చెప్పే చీటీ కంటిగుంతలో ఉంది. చరిత్రకారుడు కిమ్ వాగ్నర్ ఆ చీటీ పట్టుకుని తవ్వి, అతని మీద మోపిన హత్యలు అతను చేసి ఉండడని వాదిస్తూ పుస్తకమే రాశాడు. 2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక వేలంశాల కొమ్ములు తొడిగిన నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ ముఖ్యమంత్రి కేంద్ర ప్రభుత్వానికి లేఖ రాశాక వెనక్కి తీసుకుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం అంతకు ముందే, 2020లో, దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన కుదించిన తలలతో సహా మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిని చూసినవాళ్లు ఆ జాతుల సంస్కృతిని అర్థం చేసుకోవడానికి బదులు వాళ్లు అనాగరికులన్న అపోహను మరింత గట్టిపరుచుకుని వెళుతున్నారని మ్యూజియం తన పరిశీలనలో గుర్తించింది. వీటిలో ఏదీ నా వాదనకు అడ్డు రాదు, బలం చేకూరుస్తుంది. ఈ దేహాలను ఎవరు, ఏ హక్కుతో తెచ్చారన్నది బోర్డు మీద రాసి ఉంటే అవి ఒక్కరోజు కూడా అక్కడ నిలిచేవి కావు. మౌనం వల్లే అంతకాలం నిలిచాయి.

అయితే అన్నిటినీ గోదాముల్లోకి నెట్టేస్తే పీడ విరగడవుతుందా? విరగడ కాదు. దాచిపెట్టడం మర్యాదలా కనిపిస్తుంది, చాలాసార్లు అది మరపుకు దారి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని మ్యూజియంగా మార్చిన ఇందిరాగాంధీ నివాసంలో, 1984 అక్టోబర్ 31న హత్యకు గురైనప్పుడు ఆమె కట్టుకున్న చీర తూటాల రంధ్రాలతో, నెత్తుటి మరకలతో ఉంది. ఆమె ఆఖరిగా నడిచిన బాట మీద గాజు పరిచారు. శ్రీపెరంబుదూరులో 1991లో హత్యకు గురైనప్పుడు రాజీవ్ గాంధీ వేసుకున్న బట్టల ముక్కలు, బూట్లు కూడా అక్కడే ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి వచ్చే జనం వరుసలో నిలబడి చూసి, మాటలు తగ్గించుకుని బయటకు పోతారు. మదురైలో, నాయక రాణి మంగమ్మ కట్టించిన భవనంలో 1959 నుంచి నడుస్తున్న గాంధీ స్మారక మ్యూజియంలో మహాత్ముడు హత్యకు గురైనప్పుడు ఒంటి మీద ఉన్న, రక్తం మరకలు పడిన వస్త్రం ఉంది. దాన్ని చూడడం విడ్డూరమని ఎవరూ అనరు. పాఠ్యపుస్తకంలో 'హత్యకు గురయ్యారు' అని చదివిన పిల్లలకు ఆ మరక దగ్గర ఆ వాక్యం బరువు తెలుస్తుంది. ఎక్కడ చూపాలి, ఎక్కడ ఆపాలి అన్న విచక్షణకు పోలండ్‌లోని నాజీ నిర్బంధ శిబిరం ఆష్‌విట్జ్, యూదుల మారణహోమాన్ని గుర్తుచేసే వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం రెండూ మంచి ఉదాహరణలు. ఆష్‌విట్జ్‌లో బందీల తలల నుంచి కత్తిరించిన సుమారు రెండు టన్నుల జుట్టు అద్దం వెనక ఉంది. నేరం జరిగిన నేల అది, ఆ జుట్టు సాక్ష్యం. ఆ గదిలో ఫొటోలు తీయనివ్వరు. వాషింగ్టన్‌లో 1993లో మ్యూజియం తెరిచేటప్పుడు అలాంటి జుట్టునే చూపుదామనుకున్నారు. ఆ జుట్టు మా అమ్మదే కావచ్చునని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు అడ్డు చెప్పారు. దాని ఫొటో మాత్రం పెట్టారు. రెండు నిర్ణయాలూ సరైనవే, ఎందుకంటే ఒకచోట ఆ జుట్టు నేరానికి సాక్ష్యం, మరోచోట చనిపోయినవాళ్ల తరఫు వాళ్ల మాట విన్నారు.

వేడుక, డబ్బు సంగతి వచ్చేసరికి నేను అంత ఉదారంగా ఉండలేను. పారిస్‌లో నోటర్ డామ్ చర్చి వెనక 1864లో కట్టిన మార్చురీ భవనంలో గుర్తుతెలియని శవాలను అద్దం వెనక వరుసగా పెట్టేవారు. బంధువులు గుర్తుపట్టడం అసలు ఉద్దేశం. గుర్తుపట్టడానికి ఎవరూ లేని జనం వేలల్లో వచ్చేవారు, పర్యాటకుల పుస్తకాల్లో కూడా ఆ చోటు పేరు చేరింది. 1907లో ప్రజలకు దాన్ని మూసేశారు. అక్కడ జనాన్ని నిందించడం సులువు. కానీ శవాలకు పేరు లేదు, కథ లేదు, కొత్తది వచ్చిందా లేదా అన్నదొక్కటే వార్త. ఆ ఏర్పాటులో ఇంకెలా చూడగలరు? మన కాలంలో ఇదే పని ప్లాస్టినేషన్ ప్రదర్శనలు చేశాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు గుంథర్ ఫాన్ హాగెన్స్ 1977లో కనిపెట్టిన ఈ పద్ధతిలో దేహంలోని నీరు, కొవ్వు తీసేసి ప్లాస్టిక్ ఎక్కిస్తారు. 1995లో టోక్యోలో మొదలైన ఆయన ప్రదర్శనను ఇప్పటికి అయిదు కోట్ల మందికి పైగా చూశారు. తమ దేహాలను బతికుండగానే రాసిచ్చిన దాతల పద్ధతి ఆయన సంస్థకు ఉంది. దాన్ని చూసి పుట్టుకొచ్చిన పోటీ సంస్థల తీరు వేరు. ఒక అమెరికన్ సంస్థ తాను చూపే చైనా దేహాలు మరణశిక్షకు గురైన ఖైదీలవి కావని రుజువు చేయలేకపోయింది. ఆ మాట ప్రదర్శన దగ్గరే రాసిపెట్టేలా 2008లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ దాన్ని ఒప్పించాడు. బ్రిటన్‌లో 2004లో వచ్చిన చట్టం నూరేళ్లలోపు చనిపోయినవాళ్ల దేహాలను చూపాలంటే సమ్మతి తప్పనిసరి చేసింది. మన దేశంలో ఇటువంటి పనికి మంచి నమూనా బెంగళూరు నిమ్హాన్స్‌లోని మెదడు మ్యూజియం. పక్షవాతం వచ్చిన మెదడు, కణితి పెరిగిన మెదడు, బైకు ప్రమాదంలో నలిగిన మెదడు అక్కడ వరుసగా ఉంటాయి. సందర్శకులు తొడుగు వేసుకుని నిజమైన మెదడును చేతిలోకి తీసుకోవచ్చు. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో ఆ చేతికి మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిల్లలు జడుసుకుంటారని మరో మాట. కొందరు జడుసుకుంటారు, నిజమే. అందుకే వాషింగ్టన్ మ్యూజియంలో మరీ ఘోరమైన చిత్రాలు నడిచే తెరల చుట్టూ చిన్న గోడలు కట్టారు. పెద్దవాళ్లు తొంగి చూడాలి, చిన్నపిల్లలకు అందదు. ఆ గోడ నిషేధించదు, వయసు చూసుకోమంటుంది. చూసి చూసి మనసు మొద్దుబారుతుందన్న భయం మాత్రం తేలిగ్గా తీసిపారేయలేనిది. ఫోన్‌లో ప్రమాదాల వీడియోలు ఒకదాని వెంట ఒకటి దొర్లిపోతుంటే మనసు నిజంగానే మొద్దుబారుతుంది. అయితే అక్కడ ఏ చావుకీ పేరు ఉండదు, ముందు వెనకలు ఉండవు, ఆగడానికి వ్యవధి ఉండదు. మ్యూజియంలో ఉండాల్సినవి అవే. ఒక్క దేహం ముందు పావుగంట నిలబెట్టగలిగిన గది, వంద వీడియోలు చేసిన నష్టాన్ని కొంతైనా పూడ్చగలదు.

చివరిగా మన ఇంటి అభ్యంతరం ఒకటుంది. శవాన్ని తాకితే మైల అని, కాటికి వెళ్లొస్తే తలస్నానం చేయందే గడప దాటనివ్వని ఇళ్లు మనవి. దేహాన్ని పంచభూతాల్లో కలిపేయాలి గాని అద్దాల్లో పెట్టడమేమిటన్న ప్రశ్నకు ఆ ఆచారంలో న్యాయం ఉంది. అందుకే వేరే దేశపు దేహాన్ని తెచ్చి పెట్టుకున్నప్పుడు మన బాధ్యత రెట్టింపవుతుంది. హైదరాబాద్ మమ్మీ నైషు అనే యువతిదనీ, సుమారు 2,500 ఏళ్ల నాటిదనీ, ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొన్నాడనీ, ఏడో నిజాం ద్వారా 1930లో మ్యూజియానికి చేరిందనీ చెబుతారు. 2016లో స్కానింగ్ చేశారు, దేహం పాడవకుండా ఆక్సిజన్ చేరని పెట్టెలో భద్రపరిచారు. దేహం జాగ్రత్త వరకు మెచ్చుకోవలసిందే. ఆ అమ్మాయి ఏ ఊరిది, ఆమె సమాధి ఎవరు తవ్వారు, వెయ్యి పౌండ్లు ఎవరి జేబులోకి పోయాయి, స్కానింగ్‌లో ఏం కనబడింది అన్నవి మాత్రం నిజాం వంశవృక్షం కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఈజిప్టు వాళ్లు తమ రాజుల విషయంలో చూపిన శ్రద్ధ మనకు తెలిసిందే. 2021 ఏప్రిల్‌లో 22 రాజ మమ్మీలను కైరో వీధుల్లో రాచమర్యాదలతో ఊరేగించి కొత్త మ్యూజియానికి చేర్చారు, అక్కడ ఆ గదిలో ఫొటోలు తీయడం నిషేధం.

మమ్మీ కంటే మనల్ని ఎక్కువ కదిలించవలసినవి మన సొంత రాళ్లలో ఉన్నాయి. వాటిముందు ఎవరూ ఆగకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది. తెలుగు నేల మీద ఎన్నో ఊళ్లలో, మ్యూజియం ఆవరణల్లో ఆత్మాహుతి శిల్పాలు ఉన్నాయి. ఒక చేత్తో తన జుట్టు పట్టుకుని, రెండో చేత్తో కత్తి మెడకు ఆనించుకున్న వీరుడు. కొన్నిచోట్ల తెగిన తల చేతిలోనే ఉంటుంది. శ్రీశైలంలో 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఇందుకోసమే. కొంగు వీరులు అక్కడ తలలు, నాలుకలు కోసుకుని శివుడికి అర్పించారని శాసనం చెబుతోంది. తల తెగేందుకు గండకత్తెర అనే సాధనం వాడేవారని మన పాత రచనల్లో ఉంది. ఇంత భయంకరమైన భక్తి మన తాతముత్తాతల్లో ఉండేదంటే, దాని వెనక ఏ మొక్కు ఉంది, ఏ రాజు మెప్పు ఉంది, ఏ కరువు ఉంది, చనిపోయినవాడి కుటుంబానికి ఏం దక్కింది అన్న ప్రశ్నలు ఏ ఈజిప్టు రాకుమారి గురించిన ప్రశ్నలకూ తీసిపోవు. కాని చాలాచోట్ల ఆ రాళ్లు ఎండలో గడ్డి మధ్య నిలబడి ఉన్నాయి. బోర్డు ఉంటే 'వీరగల్లు' అన్న ఒక్క మాట, శతాబ్దం అంకె, అంతే. జనం ఆగడం లేదంటే వాళ్లకు ఆసక్తి లేక కాదు, అది ఏమిటో ఎవరూ చెప్పక. అతను ఎవరు, ఎందుకు తల నరుక్కున్నాడు, రాయి ఎవరు నిలబెట్టారు, ఏ ఊరి నుంచి ఇక్కడికి తెచ్చారు అన్న నాలుగు వాక్యాలు తెలుగులో, బడిపిల్లల కళ్లకు అందే ఎత్తులో రాసిపెట్టమని పురావస్తు శాఖను అడగాల్సింది సందర్శకులే. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు.